అమ్మ పెట్టెలో దొరికిన ‘ఒక సోదరి’ ఉత్తరం: పత్రికల్లో ఆడవాళ్లు నడిపిన శీర్షికల గురించి

మల్లెచెట్టు | శనివారం, ఉదయం 9:10

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదలు.

అమ్మ పోయి ఏడాదైంది. సంవత్సరీకాలు అయ్యాక ఆమె ట్రంకుపెట్టె తెరిచాం. చీరల అడుగున, పాత రేషన్ కార్డుకీ మా మార్కుల కార్డులకీ మధ్య ఒక పత్రిక ముక్క కనిపించింది. అరచేయంత ఉంటుంది. కత్తెరతో అంచులు చక్కగా కత్తిరించి దాచుకుంది. పత్రిక పేరు లేదు, శీర్షిక పేరు లేదు, తేదీ లేదు. ఒక ప్రశ్న, దానికి ఒక జవాబు, అంతే. ప్రశ్న కింద ‘ఒక సోదరి, చీరాల’ అని ఉంది.

నాకు పెళ్లయి రెండేళ్లు దాటింది, ఇద్దరు అన్నలున్నారు, నాన్న పొలం పంచబోతున్నారు, కూతుళ్లకి కూడా సమానంగా ఇవ్వాలని కొత్త చట్టం వచ్చిందట, నేను అడగవచ్చా అని ప్రశ్న. అడిగితే ఇక పుట్టింటి గడప తొక్కనివ్వరేమో అని కూడా రాసింది. చట్టం వచ్చిన మాట నిజమే కానీ అంతకుముందే పెళ్లయిన వాళ్లకి అది వర్తించదని జవాబు. ఆఖరి రెండు వాక్యాలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను: “అడగడం తప్పు కాదమ్మా. అడిగినందుకు వాళ్లు మొహం తిప్పుకుంటే ఆ తప్పు మీది కాదు.”

మా అమ్మ పెళ్లి 1984 మే నెలలో జరిగింది. ఆమెకి ఇద్దరు అన్నలు. పుట్టిన ఊరు చీరాల పక్కనే. ఈ సంగతి ఆమె నోటి వెంట ఒక్కసారి కూడా వినలేదు. మామయ్యలతో గొడవ పడినట్టు కూడా నాకు తెలియదు.

ఇది ఎప్పటిదో తేల్చుకునే దారి ఏమైనా ఉందా? అప్పట్లో ఇలాంటి శీర్షికలు నడిపిన ఆడవాళ్లు ఎవరు, ఏం రాసేవారు అన్నది కూడా తెలిసినవాళ్లు చెప్పండి. ముక్కూ మొహం తెలియని మనిషి ఎవరో మా అమ్మకి ‘తప్పు మీది కాదు’ అని చెప్పింది. ఇంట్లో మేమెవరం ఆ మాట చెప్పలేదు.

వకీలమ్మ | శనివారం, ఉదయం 10:35

మల్లెచెట్టు గారూ, మీ అమ్మగారి గురించి చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. తేదీ సంగతి మాత్రం నేను చెప్పగలను.

ఆ జవాబులో ఉన్న చట్టం హిందూ వారసత్వ చట్టానికి మన రాష్ట్రం చేసుకున్న సవరణ. ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చింది. 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చింది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులాగే కూతురికి కూడా పుట్టుకతోనే హక్కు అని దేశంలో ముందుగా చెప్పిన చట్టాల్లో అదొకటి. కానీ ఆ తేదీకి ముందే పెళ్లయిన ఆడపిల్లలకి వర్తించదని అందులోనే రాశారు. మీ అమ్మగారి పెళ్లి 1984 మే అన్నారు. పదహారు నెలల తేడాలో ఆమె బయట ఉండిపోయారు. పెళ్లయి రెండేళ్లు దాటిందని ప్రశ్నలో ఉంది కాబట్టి ఆ ముక్క 1986 మధ్యకి అటూ ఇటూగా వచ్చి ఉంటుంది.

ఒక సందేహం. ప్రశ్నలో గానీ జవాబులో గానీ చెల్లెలి ప్రస్తావన ఉందా? అప్పటికి పెళ్లి కాని చెల్లెలుంటే చట్టం ఆమెకి పూర్తిగా వర్తిస్తుంది. ఒకే ఇంట్లో అక్కకి లేని హక్కు చెల్లెలికి ఉంటుంది. అలాంటి కేసులు నేను చాలా చూశాను.

పాతపేపర్లు | శనివారం, ఉదయం 11:20

నేను లైబ్రేరియన్‌గా రిటైరయ్యాను. ఇలాంటి శీర్షికలు అనగానే మా తరానికి ముందు గుర్తొచ్చే పేరు మాలతీ చందూర్. ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనం’. 1950ల మొదట్లో మొదలుపెట్టి నలభై ఏళ్లకి పైగా నడిపారు. నూజివీడులో పుట్టిన మనిషి, మద్రాసులో స్థిరపడ్డారు. పాఠకులు ఏమడిగినా జవాబు చెప్పేవారు. ఊరగాయ ఎందుకు బూజు పడుతుంది, నెలసరి నొప్పికి ఏం చేయాలి, ఫలానా దేశంలో ఆడవాళ్లు ఏం చదువుతారు, అత్తగారు ఉద్యోగం మానమంటున్నారు ఏం చేయను, అన్నీ ఆ ఒక్క శీర్షికలోకే వచ్చేవి. తర్వాత స్వాతి మాసపత్రికలో ‘పాత కెరటాలు’ పేరుతో ఇంగ్లీషు నవలల్ని పరిచయం చేశారు. 1992లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 2013లో చెన్నైలో పోయారు.

మీ దగ్గరున్న ముక్క ఆమె శీర్షికలోదే అని అనడం లేదు. 1980ల నాటికి దాదాపు ప్రతి వారపత్రికలో ఇలాంటి పేజీ ఒకటి ఉండేది. వెనకవైపు ఏముందో చూసి చెప్పండి. ప్రకటనలో సగం ఉన్నా పనికొస్తుంది.

కొత్తపాఠకుడు | శనివారం, మధ్యాహ్నం 1:05

నా వయసు ఇరవై నాలుగు. తెలియక అడుగుతున్నాను, పెద్దవాళ్లు ఏమీ అనుకోవద్దు. ఊరగాయ బూజు పక్కన ఆస్తి హక్కు గురించి రాస్తే దాన్ని స్త్రీవాదం అనవచ్చా? సామాజిక న్యాయం కోసం రాయడమంటే ప్రభుత్వాన్ని నిలదీయడం కదా. ఒక ఇంట్లో ఒక ఆడమనిషికి సర్దిచెప్పడం దానికి చాలా చిన్న పని అనిపిస్తోంది.

డెస్క్‌లో పాతికేళ్లు | శనివారం, మధ్యాహ్నం 3:40

కొత్తపాఠకుడు అడిగింది న్యాయమైన ప్రశ్నే. నేను ఒక పత్రికలో మహిళల పేజీకి సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. పేరు చెప్పను. ఆ సంచులు విప్పిన చేతులు నావి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఉత్తరాలు వారానికి ఒక గోనెసంచి నిండా వచ్చేవి. ఇన్‌లాండ్ లెటర్లు, పోస్టుకార్డులు, నోటుబుక్కులోంచి చింపిన కాగితాలు. కొన్ని పెన్సిల్‌తో రాసినవి. సగం ఉత్తరాలు ‘దయచేసి నా పేరు వేయకండి’ అని మొదలయ్యేవి. ముందు వంట గురించి అడిగి, ఆఖర్న ఇరుకు అక్షరాలతో అసలు సంగతి రాసేవారు. ‘గోంగూర పచ్చడి నల్లబడకుండా ఏం చేయాలి’ అని అడిగిన ఉత్తరం అడుగున ‘మా ఆయన రోజూ కొడతాడు, పోలీసులకి చెబితే పిల్లల్ని లాక్కుంటారా’ అని ఒకామె రాసింది. ఎవరైనా చూస్తే పచ్చడి ఉత్తరంలాగే కనబడాలి కదా. ఊరగాయ పక్కన హక్కు ఎందుకొచ్చిందో అర్థమైందనుకుంటాను. రెండో ప్రశ్న ఇంట్లోంచి బయటికి రావాలంటే మొదటి ప్రశ్న దానికి ముసుగు వేయాలి.

మా తప్పులు కూడా చెప్పాలి. కొడుతున్నాడని రాసిన ఉత్తరాలకి ‘ఓపిక పట్టండి, పిల్లల మొహం చూసి సర్దుకుపోండి’ అన్న జవాబులు నా కళ్ల ముందే అచ్చయ్యాయి. జవాబు రాసినావిడ గట్టిగా రాస్తే పైవాళ్లు మెత్తబరిచిన సందర్భాలు ఉన్నాయి. కుటుంబాలు విడగొడుతున్నారని ఫోన్లు వస్తాయని వాళ్ల భయం. ఒకసారి పేరు తీసేసి ఊరి పేరు మాత్రం ఉంచాం. చిన్న ఊరు అది. ఎవరు రాశారో రెండు రోజుల్లో అందరికీ తెలిసిపోయింది. ఆ పిల్ల తర్వాత మాకు ఒక కార్డు రాసింది. ‘మీరు ఊరి పేరు వేయకుండా ఉండాల్సింది’ అని ఒక్క వాక్యం. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది. అప్పటి నుంచి ఊరి పేరు బదులు దగ్గర్లోని పట్నం పేరు వేసేదాన్ని. మల్లెచెట్టు గారి ముక్కలో ‘చీరాల’ అని మాత్రమే ఉందంటే అక్కడ కూడా ఎవరో అలాగే జాగ్రత్త పడ్డారన్నమాట.

ప్రభుత్వాన్ని నిలదీయడం గురించి కూడా ఒక మాట. ఇంగ్లీషులో కల్పనా శర్మ ‘ది హిందూ’ ఆదివారం అనుబంధంలో ‘ది అదర్ హాఫ్’ శీర్షిక ఏళ్ల తరబడి రాశారు. నీళ్లు, మరుగుదొడ్లు, మురికివాడలు ఆడవాళ్ల సంగతులు ఎలా అవుతాయో ఆమె రాసినంత తేటగా రాసినవాళ్లు తక్కువ. అమ్ము జోసెఫ్‌తో కలిసి 1994లో ఆమె చేసిన పని ఇంకొకటుంది. వరకట్న చావులు, అత్యాచారాలు, విడాకుల తర్వాత భరణం కోసం షాబానో వేసిన కేసు, రాజస్థాన్‌లో భర్త చితిపై రూప్ కన్వర్ సతి లాంటివాటిని పత్రికలు ఎలా రాశాయో, ఏం వదిలేశాయో వెతికి చూపించారు. అది చదివాక నేను రాసే హెడ్డింగులు మారాయి. ‘ప్రేమ విఫలమై దాడి’ లాంటివి పెట్టడం మానేశాను.

సిరిసిల్ల బిడ్డ | శనివారం, సాయంత్రం 6:15

అందరివీ చదివాను. మల్లెచెట్టు అక్కా, మీ అమ్మ ఉత్తరం చదివితే నాకు కూడా కళ్లల్ల నీళ్లొచ్చాయి. కానీ నా మనసులో ఉన్నది చెప్పకుండా ఉండలేను.

మా అమ్మ బీడీలు చుట్టేది. మా వాడకు పేపరు రాలేదు. చాయ్ హోటల్‌లో ఉండేది, అక్కడ మొగవాళ్లు కూర్చునేది. మా అమ్మకు సంతకం తప్ప రాయరాదు. పొలం పంచుడు అన్న ప్రశ్న మా ఇంట్లో ఎట్లా పుడుతుంది? పంచేందుకు పొలం ఉండాలి కదా. మా అమ్మ ప్రశ్న వేరే. వెయ్యి బీడీలు చుట్టి ఇస్తే ఆకు బాగలేదని కట్టలు ఎందుకు తీసి పారేస్తున్నారు, తీసిన వాటికి కూలి ఎందుకు కోస్తున్నారు, పీఎఫ్ కార్డు ఎందుకు ఇస్తలేరు? ఈ ప్రశ్న ఏ ప్రమదావనానికి పోతుంది?

ఆడవాళ్ల పేజీ అంటే చాలా రోజులు చదువుకున్న, కులం ఉన్న, ఇల్లున్న ఆడవాళ్ల పేజీయే. జూపాక సుభద్ర, గోగు శ్యామల లాంటి దళిత రచయిత్రులు రాయడం మొదలుపెట్టిన తర్వాతే నేను చదివేదాంట్లో మా అమ్మ కనిపించింది. ఇంట్లో మొగడు కొట్టుడు, బయట దొర తిట్టుడు, రెండూ ఒకే మనిషి మీద పడతాయని వాళ్లు రాసేదాకా స్త్రీవాదులకు కూడా గట్టిగా వినపడలేదు. కోపంతో అంటలేను. ఈ చర్చలో ఇది లేకపోతే సగం కథే అవుతుందని రాస్తున్న.

డెస్క్‌లో పాతికేళ్లు | శనివారం, సాయంత్రం 7:02

మీరన్నది నిజం. నేను విప్పిన సంచుల్లో కూలిరేట్ల ఉత్తరాలు రాకపోలేదు. తక్కువే, కానీ వచ్చాయి. వాటిని ‘మన పేజీది కాదు’ అని జిల్లా డెస్క్‌కి పంపేసేవాళ్లం. అక్కడ వాటి గతి ఏమైందో కనుక్కోలేదు. కనుక్కోవాల్సింది.

డల్లాస్ నుంచి | శనివారం, రాత్రి 11:48

సిరిసిల్ల బిడ్డ గారి మాటకి ఆనుకుని ఇక్కడి కథ ఒకటి చెబుతాను. ఐడా బి. వెల్స్ అని ఒక నల్లజాతి స్త్రీ. 1862లో మిసిసిపిలో బానిస కుటుంబంలో పుట్టారు. టీచరుగా చేస్తూనే ‘అయోలా’ అనే కలం పేరుతో పత్రికలకి రాసేవారు. టికెట్ కొనుక్కుని ఆడవాళ్ల పెట్టెలో కూర్చుంటే రైలు సిబ్బంది ఈడ్చి దించేశారు. కేసు వేసి కింది కోర్టులో గెలిచారు. 1887లో టెనెసీ సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది.

1892లో మెంఫిస్‌లో కిరాణా కొట్టు పెట్టుకున్న ముగ్గురు నల్లజాతి యువకుల్ని మూక చంపేసింది. వాళ్లలో ఒకరు ఆమె స్నేహితుడు. తెల్ల ఆడవాళ్ల మానం కాపాడటానికే ఇలాంటి హత్యలు జరుగుతాయని అప్పటి తెల్లవాళ్ల పత్రికలు చాలావరకు రాసేవి. ఆ మాట అబద్ధమని, వ్యాపారంలో పోటీకి వచ్చినవాళ్లని, తలెత్తి నడిచినవాళ్లని చంపుతున్నారని ఆమె కేసు కేసుకీ వివరాలు తీసి రాశారు. ఆమె పత్రిక ఆఫీసుని ధ్వంసం చేశారు. మళ్లీ ఆ ఊరు వెళ్లలేకపోయారు. పులిట్జర్ వాళ్లు ప్రత్యేక గౌరవం ఇచ్చింది 2020లో. అప్పటికి ఆమె పోయి 89 ఏళ్లు.

ఓటు హక్కు ఉద్యమంలో కూడా తెల్ల స్త్రీలు ఆమెని వెనక నడవమన్నారు. 1913 వాషింగ్టన్ ఊరేగింపులో ఆమె ఆ మాట వినకుండా వెళ్లి అప్పటికి తాను ఉంటున్న రాష్ట్రం వాళ్లతో పాటే నడిచారు.

పాతపేపర్లు | ఆదివారం, ఉదయం 8:30

రాత్రి చాలాసేపు ఈ చర్చ గురించే ఆలోచించాను. మల్లెచెట్టు గారూ, మీ అమ్మగారి ప్రాంతం నుంచే అరవై ఏళ్ల ముందు ఒకావిడ ఇదే పని చేశారు. కనుపర్తి వరలక్ష్మమ్మ. 1896లో బాపట్లలో పుట్టారు. ఆంధ్రపత్రికలో ‘లీలావతి’ పేరుతో ‘మా చెట్టునీడ ముచ్చట్లు’ రాశారు. మద్రాసులో డాక్టర్ కేసరి 1928లో మొదలుపెట్టిన గృహలక్ష్మి పత్రికలో ‘శారద లేఖలు’ నడిపారు. శారద అనే ఆవిడ స్నేహితురాలు కల్పలతకి రాసే ఉత్తరాల్లా ఉంటాయి. బడి మొహం చూడని ఆడవాళ్లు కూడా పక్కింటి అమ్మాయితో చదివించుకుని వినగలిగే భాష. ఊళ్లో కబుర్లు చెబుతున్నట్టే మొదలై శారదా చట్టం, స్త్రీల హక్కులు, ఖద్దరు దాకా వెళతాయి.

శారదా చట్టం ఆడపిల్ల పెళ్లి వయసు కనీసం 14 అంది. 1929లో పాసై 1930 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఆ తేదీ రాకముందే పెళ్లిళ్లు కానిచ్చేయాలని దేశమంతా తొందరపడి పసిపిల్లలకి కూడా మూడుముళ్లు వేయించారు. అలాంటి రోజుల్లో ఇంటింటికీ వెళ్లే పత్రికలో ఒక స్త్రీ ఆ చట్టం మనకి మంచిదని రాయడం చిన్న సంగతి కాదు. చుట్టాలు, పక్కాలు, గుడికి వెళితే ఎదురయ్యేవాళ్లు అందరూ ఆ చట్టాన్ని తిట్టేవాళ్లే అయి ఉంటారు. ఆమె రాసి ఊరుకోలేదు, బాపట్లలో స్త్రీ హితైషిణి మండలి పెట్టారు. గృహలక్ష్మి స్వర్ణకంకణం మొదట అందుకున్నది ఆమే, 1934లో.

కొత్తపాఠకుడు గారూ, ఊరగాయ పక్కన హక్కు అన్నారు కదా. వరలక్ష్మమ్మ కబుర్ల పక్కన హక్కు పెట్టారు. మీకు చిన్నదిగా అనిపించిన ఆ పనిలో నాకు మాత్రం గొప్ప నేర్పు కనిపిస్తుంది.

పెన్నాతీరం | ఆదివారం, ఉదయం 10:15

మాది నెల్లూరు జిల్లా. శీర్షికల గురించి మాట్లాడుతూ సారా వ్యతిరేక ఉద్యమం పుట్టిన మా దూబగుంటని వదిలేస్తే ఎట్లా? అక్షరదీపం అనే వయోజన విద్య చదువుల్లో కూర్చున్న ఆడవాళ్లు పాఠంలో సారా గురించి చదివి, చర్చించుకుని, మా ఊళ్లో కూడా దుకాణం మూయిద్దామని లేచారు. వాళ్లకి ముందు నడిచిన రోశమ్మ పేరు అట్లా బయటికొచ్చింది. ఆ ఉద్యమం 1992లో ఊరూరా పాకింది. చీపుళ్లు, కారప్పొడి పట్టుకుని సారా ప్యాకెట్ల బండ్లు ఆపారు. వేలంపాటలు జరగనివ్వలేదు. ఈనాడు ‘సారాపై సమరం’ అని ఒక పేజీయే ఇచ్చింది. ముందు మా జిల్లాలో, తర్వాత 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాన్ని ఎత్తేయడం అందరికీ తెలిసిందే.

నేనప్పుడు ఎనిమిదో తరగతి. రాత్రి బడిలో పేపరు గట్టిగా చదివి వినిపించే పని నాది. పక్క మండలంలో ఆడవాళ్లు ఏం చేశారో వింటే మా ఊరివాళ్లకి పట్టుదల వచ్చేది. ఒకామె ‘మన ఊరి పేరు ఎప్పుడొస్తదిరా’ అని రోజూ అడిగేది. చదవడం రాని వాళ్లకి పేపరు ఎట్లా చేరుతుందని సిరిసిల్ల అక్క అడిగిందానికి నాకు తెలిసిన జవాబు ఇదొక్కటే. ఎవరో ఒకరు గొంతెత్తి చదవాలి.

చిత్తూరు జిల్లాలో పొదుపు సంఘాల ఆడవాళ్లు ‘నవోదయం’ అని సొంత పత్రిక నడిపారు. వాళ్లే విలేకరులు, వాళ్లే రాసేవాళ్లు. అట్లాంటిది ప్రతి జిల్లాకీ ఒకటి ఉండాల్సింది.

సిరిసిల్ల బిడ్డ | ఆదివారం, ఉదయం 11:00

గొంతెత్తి చదివేవాళ్లు ఉన్నారు, బాగుంది అన్నా. మరి రాయరాని వాళ్ల తరఫున ఉత్తరం రాసిపెట్టేవాళ్లు ఎవరైనా ఉన్నారా? పేపరు మా దాకా రావడం ఒకటి, మా మాట పేపరు దాకా పోవడం ఇంకొకటి.

కొత్తపాఠకుడు | ఆదివారం, మధ్యాహ్నం 12:20

నా మొదటి ప్రశ్న వెనక్కి తీసుకుంటున్నాను. డెస్క్ మేడం చెప్పిన గోంగూర ఉత్తరం చదివాక మా అమ్మ ఫోన్‌లో యూట్యూబ్ వంటల వీడియోల కింద కామెంట్లు చూశాను. అక్కడ కూడా ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు వంట గురించి అడుగుతూ ఇంట్లో కష్టం చెప్పుకున్నారు. ఎవరూ జవాబు ఇవ్వలేదు. అప్పటి శీర్షికలకీ దీనికీ తేడా ఆ జవాబే కదా. మరి ఇప్పుడు జవాబు ఎవరిస్తారు?

వకీలమ్మ | ఆదివారం, మధ్యాహ్నం 2:45

మంచి ప్రశ్న. కొంతవరకు చెబుతాను. హైదరాబాద్ నుంచి 1993లో మొదలైన స్త్రీవాద పత్రిక ‘భూమిక’కి ఇలాంటి ఉత్తరాలే వచ్చేవి. సంపాదకురాలు కొండవీటి సత్యవతి గారు, వాళ్ల బృందం 2006లో హెల్ప్‌లైన్ పెట్టారు. ఉత్తరం రాసి అచ్చయ్యేదాకా వారాలు ఆగక్కర్లేకుండా, ఫోన్ చేస్తే అవతల మనిషి మాట్లాడేలా. గృహహింస చట్టం అమల్లోకి వచ్చింది కూడా ఆ ఏడాదే, అక్టోబర్ 26న. నా దగ్గరికి వచ్చిన క్లయింట్లలో చాలామంది ముందు ఏదో ఒక హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ధైర్యం తెచ్చుకుని వచ్చినవాళ్లే. పత్రికలో జవాబు రాయడం దగ్గర మొదలైన పని అక్కడి దాకా వచ్చింది.

మల్లెచెట్టు గారికి ఇంకో సంగతి. పెళ్లయినా కాకపోయినా కూతురికి సమాన హక్కు అని కేంద్రం సవరణ చేసింది 2005లో, సెప్టెంబర్ 9 నుంచి. అప్పటికి తండ్రి బతికి ఉండాలా అన్న గొడవ కోర్టుల్లో పదిహేనేళ్లు నడిచి, అక్కర్లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. కానీ 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరైన పంపకాలని ఆ సవరణ ముట్టుకోదు. మీ తాతగారు 1986లోనే పంచి రిజిస్టర్ చేయించి ఉంటే ఇప్పుడు చేయగలిగింది ఏమీ లేదు. ఆశ పెట్టి తర్వాత బాధపెట్టడం ఇష్టంలేక ముందే చెబుతున్నాను.

చెల్లెలి సంగతి చూశారా?

మల్లెచెట్టు | ఆదివారం, రాత్రి 9:30

ఇప్పుడే పిన్నితో మాట్లాడి వచ్చాను. గంటన్నర మాట్లాడుకున్నాం. కుదురుగా రాయలేకపోతే క్షమించండి.

ముందు వకీలమ్మ గారికి. ముక్క మళ్లీ భూతద్దం పెట్టి చూశాను. జవాబు మధ్యలో మడత పడినచోట అక్షరాలు చెరిగిపోయాయి. నిన్న ఆ వాక్యం వదిలేశాను. లైటు కింద పెట్టి చూస్తే ‘పెళ్లి కాని చెల్లెలుంటే ఆమెకి’ అన్నంతవరకు కనిపిస్తోంది. మా పిన్ని పెళ్లి 1988లో.

ఆ ముక్క చదివి వినిపిస్తే పిన్ని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత “అది నాకోసం కత్తిరించింది” అంది. ఉత్తరం అమ్మే రాసింది. ఊళ్లో పోస్టుమాస్టరు అమ్మ చేతిరాత గుర్తుపడతాడని పిన్ని చేత చీరాల పంపించి, స్టేషన్ దగ్గర డబ్బాలో వేయించింది. జవాబు వచ్చాక అమ్మ తనకి రాదని బాధపడలేదట. ముక్క కత్తిరించి, ఆ ఆదివారమే పుట్టింటికి వెళ్లి తాతయ్య ముందు పెట్టి, “నాకొద్దు నాన్నా, చెల్లికి ఇవ్వు, ఇది చట్టం” అంది. పెద్ద మామయ్య అన్నం మధ్యలో లేచి వెళ్లిపోయాడట. ఆరు నెలలు అమ్మతో మాట్లాడలేదు. ఆ ఆరు నెలలూ అమ్మ పుట్టింటికి వెళ్లలేదు. నేను కడుపులో ఉన్నది అప్పుడే.

తాతయ్య ఆఖరికి పిన్నికి ఎకరం రాశాడు. సమాన వాటా కాదు, ఎకరమే. దస్తావేజులో మాత్రం ‘పసుపు కుంకుమల కింద’ అని రాయించాడు. కూతురు హక్కు అడిగిందని ఊళ్లో ఎవరికీ తెలియకూడదని. ముప్పై ఏళ్లకి పైగా మా ఇళ్లల్లో అందరూ ఆ ఎకరాన్ని తాతయ్య ప్రేమగా ఇచ్చిన పసుపు కుంకుమ అనే అనుకుంటున్నాం. నేను కూడా అలాగే చెప్పేదాన్ని. పిన్ని భర్త పోయాక ఇద్దరు పిల్లల్ని ఆ ఎకరం కౌలు మీదే చదివించింది.

సిరిసిల్ల చెల్లీ, నీ ప్రశ్న కూడా పిన్నిని అడిగాను. రాయరాని వాళ్లకి ఎవరైనా రాసిపెట్టేవాళ్లా అని. అమ్మ ఇంకో ఉత్తరం కూడా రాసిందట. మా వీధి చివర ఉండే ఒకామె పొగాకు గ్రేడింగ్ పనికి వెళ్లేది. మగవాళ్లతో సమానంగా పనిచేసినా కూలి తక్కువ, తూకంలో కోత, మేస్త్రీ నోటిదురుసు. ఆమె చెబుతుంటే అమ్మ మూడు పేజీలు రాసి అదే శీర్షికకి పంపింది. ఆడా మగా ఒకే పనికి ఒకే కూలి ఇవ్వాలని 1976 నుంచే చట్టం ఉందని వాళ్లిద్దరికీ తెలియదు. ఆమె వారం వారం వచ్చి ‘నాది వచ్చిందా అమ్మా’ అని అడిగేదట. అమ్మ దాదాపు ఏడాది పాటు ప్రతి వారం పత్రిక కొని చూసింది. రాలేదు.

డెస్క్‌లో పాతికేళ్లు | ఆదివారం, రాత్రి 10:05

ఆ మూడు పేజీలు నాలాంటి వాళ్లెవరో ‘మన పేజీది కాదు’ అని పక్కన పెట్టి ఉంటారు. మల్లెచెట్టు గారూ, మీ వీధి చివరి ఆమె ఉన్నారా ఇప్పుడు?

మల్లెచెట్టు | ఆదివారం, రాత్రి 10:20

లేరండీ. వాళ్ల అమ్మాయి ఒంగోల్లో ఉందని పిన్ని అంటోంది. నంబరు కనుక్కుంటానంది.

సిరిసిల్ల బిడ్డ | ఆదివారం, రాత్రి 10:41

అక్కా, మీ అమ్మకు దండం. ఆ బిడ్డ నంబరు దొరికితే వాళ్లమ్మ ఏం చెప్పి రాయించిందో అడగండి. తనకు యాదికున్నంత చాలు. నేను రాస్త. ఈసారి పేరుతో సహా రాద్దాం, ఆమెకు ఇష్టమైతే.

పాతపేపర్లు | సోమవారం, ఉదయం 7:15

మల్లెచెట్టు గారూ, వేటపాలెం సారస్వత నికేతనం మీకు దగ్గరే కదా. 1918 నుంచి నడుస్తున్న గ్రంథాలయం. పాత పత్రికలకి మన వైపు అంతకంటే మంచి చోటు లేదు. 1986 వారపత్రికల సంపుటాలు ఏవేవి ఉన్నాయో ముందుగా ఫోన్ చేసి కనుక్కుంటాను. వచ్చే శనివారం నేను బాపట్ల రావాల్సిన పని ఉంది. ముక్క వెనక ఏముందో ఫోటో తీసి పెట్టండి, వెతకడం సులువవుతుంది.

మల్లెచెట్టు | సోమవారం, ఉదయం 8:02

వెనక ఎరువుల ప్రకటన సగం, పదకేళి గళ్లు కొన్ని ఉన్నాయండీ. అడ్డం, నిలువు ఆధారాలు నాలుగు చదవడానికి వీలుగా ఉన్నాయి. ఫోటో సాయంత్రం పెడతాను. శనివారం తప్పకుండా వస్తాను. పిన్ని కూడా వస్తానంటోంది.